నీవు అంటే మర్యాద అనుకున్నాం

ఓబులేసు కొడుకు మొన్న పొద్దున వచ్చి పెద్దకర్మ కార్డు ఇచ్చిపోయాడు. లోపలికి రమ్మన్నాను, రాలేదు. మంచినీళ్లు తాగమన్నాను, వద్దన్నాడు. వాకిలి దగ్గరే నిలబడి, "మీరు తప్పకుండా రావాల సార్, పోయే ముందర నాయన మీ పేరు చెప్పినాడు" అని బండెక్కి వెళ్లిపోయాడు. మనిషి పోయిన రోజు నాకు ఎవరూ కబురు చెయ్యలేదు. కార్డు చేతికి వచ్చాకే తెలిసింది. వీధి చివర కూరగాయలమ్మే ఆమెకు అప్పటికే తెలుసట. ఆమెకు తెలిసిన చావు నాకెందుకు తెలియలేదని ఆ అబ్బాయిని అడగలేదు గానీ, గుర్తుపెట్టుకున్నాను. ఇలాంటివి నేను మరచిపోను. మా ఇంట్లోవాళ్లు దాన్ని నా జబ్బంటారు. జబ్బయితే జబ్బే, దానికి మందు వేసుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు.

కార్డు మీద నా పేరుకు ముందు "గౌరవనీయులు" అని చేత్తో రాసి ఉంది. ఆ మాట చూసి అక్కడే అరుగు మీద కూలబడ్డాను. ఓబులేసు ఇంటికి నేను గౌరవనీయుణ్ణి కావడం నా చేతులారా చేసుకున్న పని. చిన్నప్పుడు అతను నన్ను సిద్ధప్ప అని కూడా అనేవాడు కాదు, "సిద్దా" అనేవాడు, నువ్వు అనేవాడు. పెద్దయ్యాక ఒకరోజు నేనే ఆ నువ్వు వద్దన్నాను. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా, అతను మళ్లీ ఒక్కసారి నన్ను నువ్వు అంటే చాలని కాచుకున్నాను. నోరు తెరిచి అడగలేదు. ముందు తప్పు చేసింది అతను కాబట్టి ముందు దిగిరావలసింది కూడా అతనేనని నా పట్టు. ఇప్పుడిక దిగిరావడానికి మనిషి లేడు.

మా ఊరు మడకశిర దాటాక, కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో ఉంటుంది. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ మీరు అనేవాళ్లు కాదు. నాయనను నువ్వు అనేవాళ్లం, అవ్వను నువ్వు అనేవాళ్లం, ఊరి పెద్ద ఎదురైనా నువ్వు అనేవాళ్లం. మీరు అంటే ఇద్దరో ముగ్గురో ఉన్నారని అర్థం, అంతే. పొద్దున్నే ఓబులేసు మా వాకిట్లోకి వచ్చేసరికి ఇంటి నిండా రాగి సంగటి ఆవిరి, మూలన పేర్చిన శనక్కాయ గోతాల మట్టివాసన ఉండేవి. అతను రాగానే వాటి మీదికి గొర్రెల వాసన వచ్చి చేరేది. వాళ్లది గొర్రెల మంద. అతని ఒంటి మీద కంబళి ఎండాకాలంలో కూడా ఆ వాసన వదిలేది కాదు. మా నాయన సంగటి ముద్ద చేతిలో పట్టుకునే అడిగేవాడు.

"ఏమిరా ఓబులేసూ, తిన్న్యావా?"

"నేను తిన్న్యాలే మామా, నువ్వు తిను. నువ్వు తినేది చూస్తే నాకు మళ్లా ఆకలైతాది."

అవ్వ ఒక్కతే వేరు. అవ్వ పుట్టిల్లు పావగడ వైపు. మాతో తెలుగే మాట్లాడేది గానీ, మర్యాద చేయవలసిన మనిషి ఎవరైనా వస్తే ఆమె నోట కన్నడం వచ్చేది. సూదిమందు డాక్టరు వచ్చినా, చీరల మూట ఆయన వచ్చినా, నోట్లోని వక్కాకు ఉమ్మి వచ్చి, కొంగు భుజం మీదికి లాక్కుని, "నీవు బన్ని, నీవు కూత్కొళ్ళి" అనేది. బన్ని, కూత్కొళ్ళి అంటే రండి, కూర్చోండి అని. కన్నడంలో నీవు అంటే మీరు. ఇదే నీవు తెలుగు పుస్తకంలో కనిపిస్తే నువ్వు అని అర్థం. సరిహద్దుకు అటు మన్నించే మాట ఇటు మామూలు మాట. ఇదంతా నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పట్లో మాకు తెలిసింది ఒక్కటే. అవ్వ నీవు అందంటే ఇత్తడి చెంబు తోమి నీళ్లు తేవాలి, వేయించిన శనక్కాయలు, బెల్లం పళ్లెంలో పెట్టాలి. నీవు అనిపించుకునేవాడు ఆ పళ్లెంలో మిగిల్చింది నేనూ ఓబులేసూ పంచుకునేవాళ్లం. ఆ మాటంటే మాకు అందుకే అంత గౌరవం.

బడికి ఆ ఏడు కోస్తా నుంచి ఒక ఇంగ్లీషు మాస్టారు వచ్చాడు. ఇస్త్రీ పంచె, జేబులో రెండు పెన్నులు. మా ఊరి నీళ్లు పడలేదు, ఎండ పడలేదు, అన్నిటికన్నా మా మాట పడలేదు. ఒకరోజు మా నాయన చేనికి పోతూ బడి కిటికీ దగ్గర ఆగి, "అయ్యవారూ, మావోడు ఎట్ల చదువుతాండాడో నువ్వు చెప్పు" అన్నాడు. మాస్టారు క్లాసు ఆపేశాడు. "ముందు పెద్దవాళ్లను మీరు అనడం నేర్చుకుని రావయ్యా. మీ సీమవాళ్లు మాట్లాడితే కొట్టడానికి వచ్చినట్టుంటుంది" అన్నాడు. తను నేర్పమంటున్న మీరును ఆయన మా నాయనకు ఇవ్వలేదన్నది గమనించాలి. మా నాయనకు ఆ మాట నిజంగానే అర్థం కాలేదు. క్లాసంతా ఒకసారి కలియజూసి, "మీరు అనేదానికి ఇంగొకరు యాడుండారు అయ్యవారూ, నువ్వొక్కనివే కదా ఉండేది" అన్నాడు. పిల్లలు పడిపడి నవ్వారు. మాస్టారి ముఖం ఎర్రబడింది. మా నాయన తనేదో మంచి హాస్యం చెప్పాననుకుని తనూ నవ్వి వెళ్లిపోయాడు. నేను మాత్రం నవ్వలేదు. మా నాయనను వెర్రివాణ్ణి చేసిన మొదటి మనిషి ఆ మాస్టారు.

ఆ నెలలోనే ఆయన ఒక పాత ఇంగ్లీషు పద్యం చెప్పాడు. అందులో మాకు తెలిసిన 'యు' ఎక్కడా లేదు. బదులుగా 'దౌ' అని, 'దీ' అని, 'దై' అని ఉన్నాయి. మాస్టారు బోర్డు మీద రాశాడు: దౌ అంటే నీవు. దీ అంటే నిన్ను. దై అంటే నీయొక్క. "ఇది పాత ఇంగ్లీషు. ఇప్పుడు దేవుణ్ణి ప్రార్థించేటప్పుడు తప్ప ఎవరూ వాడరు" అన్నాడు. ఓబులేసు మోచేత్తో నా డొక్కలో పొడిచాడు.

"సిద్దా, ఇంగ్లీషోళ్లకు గూడా మీ అవ్వ మాట ఉండాది చూడప్పా!"

నాకూ అలాగే తోచింది. నీవు అన్నాడు, దేవుడికి వాడతారన్నాడు. ఇంతకు మించిన మర్యాద ఇంకేముంటుంది? మాస్టారు "అర్థమైందా" అని అడిగాడు. అయిందన్నాం. నీవు అన్న మాట మా చెవిలో ఎలా పడుతుందో ఆయనకు తెలియదు, ఆయన నోట్లో దాని అర్థమేమిటో మాకు తెలియదు. దౌ అంటే నువ్వు అని మా మాటలో రాసి ఉంటే సరిపోయేది. ఆ నువ్వును నోట పలకడం ఆయనకు నామోషీ. నా మిగతా కథంతా ఆ నామోషీ నుంచి వచ్చిందేనని నేను ఇప్పటికీ అంటాను.

అది వానలు ఎగ్గొట్టిన ఏడు. బావిలో బురద తేలింది. ఊరికంతటికీ ఉన్న ఒక్క చేతిబోరింగు విరిగి కూర్చుంది. ఆడవాళ్లు పక్క ఊరి బావికి రెండు మైళ్లు నడుస్తున్నారు. అవ్వ ముఖం కడిగిన నీళ్లతోనే గిన్నె తొలిచి, ఆ నీళ్లు బర్రెకు పెట్టేది. అలాంటి రోజుల్లో ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. "ఇంగ్లీషులో రాసిస్తే ఆఫీసర్లు బిన్నా, ఆ పొద్దే చదువుతారంట, నువ్వు రాయబ్బీ" అన్నాడు మా నాయన. నేనూ ఓబులేసూ వసారాలో బోర్లా పడుకుని అర్జీ మొదలుపెట్టాం. మొదటి మాట దగ్గరే తగవు వచ్చింది. 'యు' అని రాద్దామన్నాను నేను.

"యు అంటే నువ్వనీ అర్థమంట, మీరనీ అర్థమంట. ఆ ఆఫీసరప్ప నువ్వు అనుకున్న్యాడనుకో, బోరింగు పాయె, మన చర్మం పాయె. దౌ అని రాయి. ఇంగ మాట్లాడే పనే ల్యా."

ఈ మాట అన్నది ఓబులేసు. నేను కాదు. ఇది నేను ఎవరికైనా, ఎప్పుడైనా చెప్పగలను. తొమ్మిది చోట్ల దౌ అనీ దై అనీ కుదిర్చి కుదిర్చి రాశాను. "దౌ ఆర్ట్ గ్రేట్, దై బోరింగ్ ఈజ్ బ్రోకెన్" అన్న వాక్యం చూసుకుని ఇద్దరం మురిసిపోయాం.

చావడి ముందు కుర్చీ వేశారు. ఆఫీసరు కాగితం విప్పి చదివాడు. పెదవులు బిగించాడు, భుజాలు ఊగాయి, ఆపుకోలేక పెద్దగా నవ్వాడు. "ఎవరు రాసింది?" అన్నాడు. నేను ఛాతీ విరిచి ముందుకు వెళ్లాను. "ఒరే అబ్బీ, నన్ను నువ్వు అంటావా? దౌ అంటే నువ్వురా! నువ్వు గొప్పోనివి, నీ బోరింగు చెడిపోయినాది అని రాసినావు కదరా!" అని ఊరందరి ముందూ ఒక్కొక్క వాక్యం చదివి తెలుగు చేశాడు. పక్కనే ఉన్న ఇంగ్లీషు మాస్టారు, "సీమ నీళ్లండీ. ఇంగ్లీషులో రాసినా ఆ నువ్వు పోదు" అన్నాడు. జనం నవ్వారు. అందరికన్నా పెద్ద నవ్వు నా వెనక నుంచి వచ్చింది. తిరిగి చూస్తే ఓబులేసు. కడుపు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. "దై బోరింగ్" అంటున్నాడు, మళ్లీ నవ్వుతున్నాడు. దౌ అని రాయమన్నది తనేనని చెప్పలేదు.

వారం తిరిగేలోగా బోరింగు బాగుచేశారు. "నీళ్లొచ్చె కదా, ఇంగేం కావాల నీకు?" అన్నాడు మా నాయన. నాకు కావలసింది వేరే ఉందని ఆయనకు చెప్పలేకపోయాను. నా కోపమంతా అవ్వ మీద చూపించాను. "నీ నీవుతోనే నా మానం పోయె" అని అరిచాను. "నీవు అంటే తప్పేమిరా? నేను పుట్టినప్పట్నుంచీ అంటాండా కదా" అంది అమాయకంగా. ఆ తర్వాత ఇంటికి ఎవరైనా పెద్దమనుషులు వస్తే అవ్వ బయటికి రావడం తగ్గించింది. వచ్చినా, నా వైపు ఒకసారి చూసి, చేత్తోనే కూర్చోమని సైగ చేసేది. ఆమె నోట ఆ మాట ఆగిపోవడానికి నేను కారణమని అప్పట్లో నాకు తట్టనే లేదు. అవమానపడినవాడికి తను చేసే అవమానం కనబడదు.

ఓబులేసు మరుసటి ఏడు బడి మానేసి మంద వెనక పోయాడు. నేను చదువుకున్నాను. సెలవులకు ఊరికి పోతే గుట్ట మీద నుంచి గొర్రెలన్నీ బెదిరేలా కేక పెట్టేవాడు. "ఏమప్పా దౌ, యాడికి పోతాండావు?" నేను చెయ్యి ఎత్తేవాణ్ణి, లోపల మాత్రం రగిలేది. అయినా సాయంత్రం ఇద్దరం రాతిబండ మీద కూర్చుంటే, నువ్వు నువ్వు అనుకుంటూ పొద్దు తెలిసేది కాదు. మా నాయన పోయినప్పుడు నా భుజం పట్టుకుని, "నువ్వు ఏడ్చప్పా, నేనుండా కదా" అన్నది కూడా అతనే. ఇది చెప్పకపోతే నేను అన్యాయం చేసినవాణ్ణవుతాను.

నేను ఇంగ్లీషు టీచరునయ్యాను, తర్వాత హెడ్మాస్టరునయ్యాను. ఒకసారి బడికి తనిఖీ వాళ్లు వచ్చారు. నా గదిలో నలుగురు టీచర్లు, ఇద్దరు అధికారులు ఉన్నారు. తలుపు నెట్టుకుని ఓబులేసు వచ్చాడు. కూతుర్ని బడిలో చేర్చాలట. పిల్ల చెయ్యి పట్టుకుని, "ఏమప్పా సిద్దా, నువ్వు ఈ గదిలో దాక్కున్న్యావా? బడంతా దేవులాడితి" అన్నాడు. తనిఖీ అధికారి నవ్వుతూ ఎవరని అడిగాడు. ఆ మాత్రం చాలు ఓబులేసుకు. కుర్చీ లాక్కుని కూర్చుని దౌ కథ అంతా చెప్పాడు. దై బోరింగ్ దగ్గర ఆగి, నవ్వి, మళ్లీ చెప్పాడు. రాయమన్నది ఎవరో ఈసారీ చెప్పలేదు. నా కింద పనిచేసే టీచర్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. చావడి ముందు నిలబడినట్టే నిలబడ్డాను నేను.

"బడిలో మీరు అనాల. సార్ అనాల. ఇది నీ గొర్రెల దొడ్డి కాదు," అన్నాను.

గదిలో నవ్వు ఆగిపోయింది. ఓబులేసు లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. మా ఊళ్లో అలా పరాయివాళ్ల ముందు నిలబడతారు. కూతురు వాళ్ల నాయన ముఖం చూస్తోంది. "తప్పయింది సార్. మీరు చెప్పినట్లే" అన్నాడు. అందులో కోపం లేదు, ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది.

అది మొదలు. బస్టాండులో కలిస్తే "బాగుండారా సార్" అనేవాడు. పెళ్లిలో కలిస్తే "మీరు ముందర కూసోండి సార్" అనేవాడు. వాళ్ల కూతురు పెళ్లికి వచ్చి నా చేతిలో శుభలేఖ పెట్టి, "మీరు రావాల" అన్నాడు. అతనికి రోషం, నాకు పట్టు. నేను మాత్రం అతన్ని నువ్వు అనడం మానలేదు. "నువ్వెట్లుండావప్పా?" అంటే ఎప్పటికైనా అలవాటు కొద్దీ నోరు జారి తనూ నువ్వు అంటాడని చూసేవాణ్ణి. ఒక్కసారీ జారలేదు.

అన్నిటికన్నా విచిత్రం ఏమిటంటే, ఆ ఏళ్లన్నీ నేను క్లాసులో దౌ గురించి చెబుతూనే ఉన్నాను. ఇంగ్లీషువాళ్లకు ఒకప్పుడు రెండు మాటలుండేవి. దొరలకు, కొత్తవాళ్లకు యు. బిడ్డకు, ప్రేమించిన మనిషికి, పనివాడికి, కుక్కకు, దేవుడికి దౌ. దేవుణ్ణి పిలిచేది గొప్పవాడని కాదు, దగ్గరివాడని. రానురాను ఎవరికి కోపం వస్తుందోనని అందరినీ యు అనడం మొదలుపెట్టారు. దౌ పాత పద్యాల్లో మిగిలిపోయింది. మర్యాద ఎక్కువై దగ్గరి మాట పోగొట్టుకున్నారని చెప్పేవాణ్ణి. ఒక ఏడు వెనక బెంచీ అమ్మాయి లేచి, "అయితే సార్, వాళ్లు అమ్మను గూడా మీరు అన్నట్లేనా?" అంది. అంతేనన్నాను. "పాపం సార్" అని కూర్చుంది. పిల్లలు నవ్వారు. నేను పాఠం ముందుకు జరిపాను.

ఇప్పుడు నన్ను అందరూ మీరు అంటారు. కొడుకు, కోడలు, మందుల షాపు అబ్బాయి, ఫోనులో ఎక్కడి నుంచో మాట్లాడే మరగొంతు, అందరూ. మా ఊళ్లో కూడా చిన్నపిల్లలకు తల్లిదండ్రులను మీరు అనడం నేర్పుతున్నారు. బడికి పోయే పిల్ల "నాయనా, మీరు తినండి" అంటే వినడానికి బాగానే ఉంది, ఇంగ్లీషు మాస్టారు బతికుంటే సంతోషించేవాడు. నన్ను నువ్వు అన్నవాళ్లు ఒక్కొక్కరే పోయారు. మా నాయన, అవ్వ, మా అక్క. చివరికి లోకంలో ఆ మాట తెలిసిన మనిషి ఒక్క ఓబులేసే మిగిలాడు. తెలిసీ అనని మనిషి.

కిందటి నెల, బెంగుళూరు ఆసుపత్రి నుంచి అతన్ని ఇంటికి తెచ్చేశారని తెలిసి పొద్దున బస్సుకే బయలుదేరాను. నన్ను నువ్వు అనమని అడగదలుచుకోలేదు. బస్సులో ఒక ఉపాయం ఆలోచించుకున్నాను. నేనే అతన్ని మీరు అంటాను. ఉలిక్కిపడతాడు. "ఏం నాటకమప్పా నీది" అని నవ్వుతాడు. ఆ నవ్వులో నువ్వు దానంతటదే వచ్చేస్తుంది. నేను దిగినట్టూ ఉండదు, అతను దిగినట్టూ ఉండదు.

వరండాలో మంచం మీద పడుకుని ఉన్నాడు. అంత మనిషి ఒక మూటంత అయ్యాడు. నన్ను చూసి లేవబోయాడు, కోడలు పట్టుకుంది. "రాండి సార్, కూసోండి" అన్నాడు. మంచం పక్కన కూర్చుని, గొంతు సవరించుకుని, బస్సులో అనుకున్నట్టే అడిగాను.

"ఎట్లున్నారు? మీకు తిండి సహిస్తోందా?"

అతను నవ్వలేదు.

"ఎవరిని సార్, మీరు అంటాండేది?"

"మిమ్మల్నే," అన్నాను. అప్పటికీ నవ్వుతాడనే ఆశ.

"వద్దు సార్." గొంతు సన్నగా వచ్చింది. "నన్ను నువ్వు అనేటోళ్లు అందరూ పోయిరి. మా అమ్మ పాయె. మీ నాయన పాయె. ఇంట్లో పిల్లోళ్లు మీరు అంటారు. ఆసుపత్రిలో గూడా మీరు మీరు అంటానే సూదులు పొడిసిరి. నన్ను నువ్వు అనేది మీరొక్కరే. ఎప్పుడన్నా కనపడి నువ్వు అంటే, ఇంగా ఈ ఊరోన్నే అనుకుంటాంటి. అది గూడా తీసేస్తే నేను యాడుండాల సార్?"

కళ్ల పక్క నుంచి నీళ్లు చెవిలోకి జారాయి. కోడలు కొంగుతో తుడిచి లోపలికి వెళ్లింది. మేమిద్దరమే మిగిలాం. అప్పుడు అడగవలసింది. నాకూ అంతేనప్పా, నన్నూ అను, ఒక్కసారి అను అని అనవలసింది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. అంతలోనే చావడి ముందు నేల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వుతున్న పిల్లవాడు కనబడ్డాడు. ముందు అతనే అనాలి కదా అనుకున్నాను. కాచుకున్నాను. ఓబులేసు కళ్లు మూతలు పడుతున్నాయి. కంబళి అతని గుండెల దాకా లాగి కప్పాను.

"సరేప్పా. నువ్వు పండుకో," అన్నాను.

"సరే సార్," అన్నాడు.